దేవుడికి అప్పగించకుండా తాగుడు మానడం



మన వాడల్లో ఒకడు తాగుడు మానాలనుకుంటే చుట్టూ ఉన్నవాళ్లు చూపించే దారులు లెక్కపెట్టండి. అయ్యప్ప మాల వేసుకో, నలభై ఒక్క రోజులు అదే బందవుతుంది. ఆదివారం చర్చికి రా, పాస్టరు గారు తల మీద చెయ్యి పెడతారు. మా పాతబస్తీలో అయితే దర్గా తావీజు. గోడల మీద రాసి ఉంటుంది చూడండి, తాగేవారికి తెలియకుండానే మాన్పించబడును అని, ఆ పొడి. ఇవేవీ కాకపోతే గేటుకు తాళం వేసే సెంటరు. మూడు దారులు దేవుడి చేతుల్లో పెడతాయి, ఒకటి మనిషికి చెప్పకుండా పని కానిస్తుంది, ఒకటి బంధిస్తుంది. ఆ మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడేది ఒక్కటీ లేదు.

నేను దేవుణ్ణి నమ్మను. అంబేడ్కరైట్‌ని. తెలుగు పాఠాలు చెప్పుకుని బతుకుతాను, ఛత్రినాక దగ్గర అద్దెకుంటాను. తాగడం మానేసి పద్నాలుగు నెలలు. ఇది పశ్చాత్తాప పత్రం అనుకుని చదవకండి. షుగర్ వచ్చినవాళ్లు తాము తిన్న అన్నం గురించి క్షమాపణలు రాయరు, నేనూ రాయను. దేవుడితో పని లేని మనిషికి, అందులోనూ మనలాంటి మనిషికి, ఏ తలుపు తెరుచుకుంటుందో రాస్తున్నాను. ఇది అడిగిన విద్యార్థులు ఐదుగురున్నారు. ఐదుగురూ "మా ఫ్రెండ్ ఒకడున్నాడు సార్" అనే మొదలుపెట్టారు.

ముందు ఆల్కహాలిక్స్ అనానిమస్ సంగతి, ఎందుకంటే అందరికీ తెలిసిన పేరు అదే. 1935లో అమెరికాలోని ఏక్రన్ అనే ఊళ్లో బిల్ విల్సన్ అనే షేర్ల వ్యాపారి, బాబ్ స్మిత్ అనే డాక్టరు, ఇద్దరు తాగుబోతులు ఒకరికొకరు ఆసరాగా మొదలుపెట్టింది. ఫీజు లేదు, పేరు అడగరు. నేను పోయిన చోట నన్నెవరూ కులం అడగలేదు, టీ ఇచ్చి పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఆ మర్యాద నేను మరచిపోను. నా పేచీ ఆ మనుషులతో కాదు, పన్నెండు మెట్లలో మొదటి మెట్టుతో. మద్యం ముందు మేం శక్తిహీనులం అని ఒప్పుకోవడం ఆ మెట్టు. తర్వాతి మెట్లు మనకన్నా పెద్ద శక్తి ఒకటుందని నమ్మడం, దానికి అప్పగించుకోవడం, లోపాలన్నీ విప్పి చెప్పుకోవడం.

శక్తిహీనుణ్ణి అని నోటితో అనడం ఒక బ్యాంకు మేనేజరుకు కొత్త అనుభవం కావచ్చు. తన మీద తనకున్న అహంకారం అక్కడ విరిగి, మంచే జరగవచ్చు. మా తాత ఆ మాట పటేల్ ముందు చెప్పులు చేత్తో పట్టుకుని బతుకంతా చెప్పాడు. మా అమ్మ కూలి అడిగిన ప్రతిసారీ చెప్పింది. నేను గైడ్ ముందు, ఇంటర్వ్యూ బోర్డు ముందు మర్యాదగల తెలుగులో చెప్పాను. మళ్లీ ఆ మాటతోనే బాగుపడటం మొదలుపెట్టమంటే నాలుక తిరగలేదు.

ఇది నా ఒక్కడి పెంకితనం కాదని తర్వాత చదివాను. జీన్ కర్క్‌పాట్రిక్ అనే అమెరికన్ స్త్రీ, ఆమెదీ డాక్టరేటే, ఇలాంటి వాదనతోనే 1975లో విమెన్ ఫర్ సోబ్రయిటీ అనే సంస్థ పెట్టింది. ఆడవాళ్లకు చేతగానితనం నేర్పాల్సిన అవసరం లేదు, అది లోకం ఎలాగూ నేర్పింది, వాళ్లకు కావాల్సింది తమ మీద తమకు నమ్మకం అన్నది ఆమె వాదన సారం. 1996లో అయితే అక్కడి కోర్టులే, ఖైదీలను ఇలాంటి దైవ సంబంధమైన మీటింగులకు బలవంతంగా పంపడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పులిచ్చాయి. అసలు ఆ మెట్లలో దేవుడి పక్కన 'మాకు అర్థమైన రీతిలో' అన్న సవరణ రావడానికి కూడా జిమ్ బర్వెల్ వంటి నమ్మకం లేని తొలి సభ్యుల పోరే కారణం. అంటే మన గొడవ ఆ సంస్థ వయసంత పాతది.

ఇంకో మాట నిజాయితీగా చెప్పాలి. 2020లో కోక్రేన్ సంస్థ 27 అధ్యయనాలు, పదివేల మందికి పైగా మనుషుల వివరాలు కలిపి చూసింది. పూర్తిగా మానేసి ఉండటం అనే లెక్కలో పన్నెండు మెట్ల పద్ధతి మిగతా చికిత్సలకు తీసిపోలేదు, కొన్నిచోట్ల మెరుగ్గానే ఉంది. మా ఊరి వాడలో తాగుడు మానినవాళ్లలో ఎక్కువమంది చర్చికి పోయి మానినవాళ్లే. కాబట్టి దేవుడితో ఇబ్బంది లేనివాళ్లు నా మాటలు పట్టుకుని ఆగిపోకండి, పోండి. దేవుడి దగ్గర గొంతు అడ్డం పడేవాళ్ల కోసం మాత్రమే కింద రాసింది.

థెరపిస్టు కోసం వెతికాను. మొదటాయన నగరానికి అవతలి వైపు, అద్దాల బిల్డింగు, గంటకు రెండు వేలు. ఫారంలో ఇంటిపేరు చూశాడు, జిల్లా అడిగాడు, మా నాన్న ఏం చేసేవాడో అడిగాడు, "ఓకే" అన్నాడు. ఆ ఓకే మనందరికీ తెలిసిందే. నేను స్టాఫ్‌రూం సంగతి చెప్పాను. పీహెచ్‌డీ వైవా అయిన మర్నాడు స్వీట్లు పంచాను. ఒక సీనియర్ స్వీటు తీసుకుని తినకుండా టేబుల్ మీద పెట్టి, "ఈ మధ్య డాక్టరేట్లు రేషన్ బియ్యంలాగా ఇస్తున్నారు" అన్నాడు. గది అంతా నవ్వింది. ఆ మాట ఎవరి గురించో నవ్వినవాళ్లకూ తెలుసు. థెరపిస్టు పెన్ను ఆడిస్తూ, "దీన్ని మేం మైండ్ రీడింగ్ అంటాం. ఆయన మనసులో కులం ఉందని మీరెలా చెప్పగలరు?" అన్నాడు.

మైండ్ రీడింగ్ అన్నది నిజంగానే ఉన్న మాట. ఆరన్ బెక్ 1960లలో కాగ్నిటివ్ థెరపీ మొదలుపెట్టాక, మనిషిని కుంగదీసే ఆలోచనల్లోని వక్రీకరణలకు ఇలా ఒక్కోటికి ఒక్కో పేరు పెట్టారు. స్నేహితుడు ఫోన్ ఎత్తకపోతే వాడికి నేనంటే అసహ్యం అనుకోవడం వక్రీకరణ. ఆలోచన అబద్ధమైనప్పుడు ఆ పద్ధతి గొప్పగా పనిచేస్తుంది. ఆలోచన నిజమైనప్పుడు అదే పద్ధతి నీ కళ్లు నిన్ను మోసం చేస్తున్నాయి అని చెప్పే పని చేస్తుంది. ఊళ్లో పెద్దలు మన తాతలకు చెప్పింది అదే కదా: నీకట్లా అనిపిస్తుంది గానీ ఇక్కడ కులం లేదు.

రెండో ఆవిడ మంచి మనిషి. ప్రాణాయామం, సాత్వికాహారం, తెల్లవారుజామున లేవడం. పెద్దకూర మానితే కోపం తగ్గుతుందట, కోపం తగ్గితే తాగుడు తగ్గుతుందట. నవ్వు ఆపుకుని ఫీజు కట్టి వచ్చాను.

ఇక్కడ చిన్న విషయం, డబ్బు ఖర్చు పెట్టే ముందు తెలుసుకోవాల్సింది. సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ తర్వాత పీజీ చేసిన డాక్టరు, మందులు రాసే హక్కు ఉంటుంది. క్లినికల్ సైకాలజిస్టు మాటలతో చికిత్స చేస్తారు, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా దగ్గర రిజిస్టర్ అయి ఉండాలి, నంబరు అడిగితే ఇవ్వాలి. కౌన్సెలర్ అన్న బోర్డు మాత్రం నాలుగు వారాల కోర్సు చేసినవాళ్లూ పెట్టేసుకుంటున్నారు. నంబరు అడగడం అవమానించడం కాదు. మనల్ని బోర్డులన్నీ సర్టిఫికెట్లు అడిగాయి, మనం ఒక్కసారి అడుగుదాం.

మూడో ఆమె దొరికింది ఇంటి దగ్గరే, షాలిబండ వైపు ఒక క్లినిక్ మేడ మీద. ముస్లిం. ఆమె తెలుగు అంతంతమాత్రం, నా ఉర్దూ అంతకన్నా తక్కువ, మధ్యలో దక్కనీ కలిసింది. అంతకుముందు ఇద్దరి దగ్గరా ఇంగ్లీషులో మాట్లాడాను. ఇంగ్లీషులో నా బాధ సెమినార్ పేపర్ లాగా వచ్చేది, ఆరంభం, ముగింపు, మధ్యలో రెండు ఉటంకింపులు. దక్కనీలో నాకు వ్యాకరణమే రాదు, దాచుకోవడానికి చోటు లేదు.

ఆమె మొదటి రోజు నా బాల్యం అడగలేదు. రోజూ తాగుతారా, ఎంత, చివరిసారి ఎన్ని గంటలకు, పొద్దున చేతులు వణుకుతాయా, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా. వణుకు ఉందనగానే థెరపీ ఆపేసి సైకియాట్రిస్టుకు చీటీ రాసింది. "దువా బాద్‌మె, పైలే దవా" అంది. తెలుగు మాస్టారుగా ఒక ముచ్చట: ఆమె భాషలో ప్రార్థనకూ ఔషధానికీ ఒక్క అచ్చు తేడా, మన భాషలో ఔషధానికీ సారాకూ ఆ తేడా కూడా లేదు. రెండూ మందే.

ఈ పేరా మాత్రం నెమ్మదిగా చదవండి. ఏళ్ల తరబడి రోజూ తాగేవాళ్లు ఒక్కరోజులో ఒంటరిగా, పౌరుషంతో బంద్ చేయకూడదు. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి డెలీరియం ట్రెమెన్స్ వస్తుంది: లేనివి కనిపిస్తాయి, ఒళ్లు కాలుతుంది, ప్రాణం పోవచ్చు. వాడలో దాన్ని గాలి సోకిందంటారు. డాక్టరు పర్యవేక్షణలో కొన్ని రోజులు మందులిచ్చి మెల్లగా తగ్గిస్తారు, విటమిన్ బీ వన్ ఇస్తారు. కల్లు సంగతీ అంతే. అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్లుకు అలవాటు పడ్డవాళ్లు 2020 మార్చి లాక్‌డౌన్‌లో దుకాణాలు మూసేసరికి పిచ్చిపిచ్చిగా అయిపోయి ఎర్రగడ్డ ఆసుపత్రికి వరస కట్టారు. మనకు ఎర్రగడ్డ అంటే తిట్టు. ఆ రోజుల్లో మాత్రం ఎంతోమంది పేదలు దక్కింది ఆ ఆసుపత్రి వల్లే. ఇక అన్నంలో కలిపే పొడి: డైసల్ఫిరామ్ అనే మందు ఒంట్లో ఉండగా తాగితే గుండె దడ, వాంతులు, బీపీ పడిపోవడం. అది తెలిసి, ఒప్పుకుని వేసుకోవాల్సిన మందు. వదినలారా, అక్కలారా, కూరలో కలపకండి.

ఒళ్లు కుదుటపడ్డాక మళ్లీ మేడ ఎక్కాను. స్టాఫ్‌రూం సంగతి మళ్లీ చెప్పాను. ఈమె కూడా అదే ఓకే అంటుందేమోనని చూశాను. "గదిలో ఎంతమంది?" అంది. ఏడుగురం. "నవ్వనివాళ్లు ఎవరైనా ఉన్నారా?"

ఆ ప్రశ్న అంతవరకూ నన్నెవరూ అడగలేదు. ఒకామె ఉంది. అటెండర్ అమ్మ. గ్లాసులు కడుగుతూ ఉంది. నవ్వలేదు. అందరూ పోయాక వచ్చి రెండు స్వీట్లు కొంగులో కట్టుకుని, "మనుమరాలికి చూపిస్త సార్, డాక్టర్ సారు ఇచ్చిండని" అంది. నాలుగేళ్లుగా ఆ గదిలోని నవ్వు ఒక్కటే నాకు వినబడుతూ ఉంది. కొంగు ముడి కూడా ఆ గదిలోదే.

మేడం దాన్ని పట్టుకుని అంతా మంచికే అనలేదు. ఆ సీనియర్ అన్నమాట కులమేనని ఆమెకు అనుమానం లేదు. తన ఇంటిపేరు విని ఫ్లాటు అద్దెకివ్వని వాళ్ల కథ ఆమెకూ ఉంది, ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసింది. "ఆ మాట వాళ్లది. ఆ సాయంత్రం మూత తీసిన చెయ్యి మీది. నా దగ్గరికి చెయ్యి వచ్చింది, దాంతో పనిచేద్దాం" అంది. ఎనిమిది వారాలు నోట్‌బుక్ రాయించింది. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎవరితో ఉన్నప్పుడు తాగాలనిపించింది.

నోట్‌బుక్‌లో తేలింది రాస్తే కొందరు మిత్రులకు కోపం వస్తుంది. అవమానం జరిగిన రోజులు రెండే. మిగతావన్నీ మన సభల సాయంత్రాలు.

మన సాహిత్య సభ ఆరింటికి అయిపోతుంది, అసలు సభ ఏడింటికి మొదలవుతుంది. పుస్తకావిష్కరణ, సంస్మరణ, నిజనిర్ధారణ యాత్ర, ఏదైనా చివర సిట్టింగే. ఎవరి కవిత ఏ పత్రికలో రావాలో, ఎవరు ఏ వేదిక మీద కూర్చోవాలో తేలేది అక్కడే. ఆడవాళ్లు ఎనిమిదింటికి బస్సు ఎక్కి పోతారు కాబట్టి ఆ నిర్ణయాల్లో ఉండరు. తాగనివాడు మంచినీళ్ల సీసాతో గంట కూర్చుంటే అనుమానం. "ఏంది, బాపనోడివైపోయినవా?" అన్నారు నన్ను. కల్లు మన సంస్కృతి అంటారు. బోనాలకు సాక పోయకుండా ఉంటామా, చావుకు కల్లు లేకుండా ఉంటామా అంటారు. నిజమే, కల్లు మా అమ్మ చేతి వంటంత మాదే. కానీ సిట్టింగులో మేం తాగింది కల్లు కాదు కదా. అది సర్కారు లైసెన్సు ఇచ్చిన కంపెనీ విస్కీ. దానికి ఈత చెట్టు గౌరవం ఎందుకు?

ఇటువైపు సంస్కృతి అనేవాళ్లు, అటువైపు నిషేధం అనేవాళ్లు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు అక్షరాలు నేర్చుకుంటూ సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబరు 1 నుంచి సారా బంద్, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం, 1997లో ఎత్తివేత. ఆ ఉద్యమం ముందు నేను తలవంచుతాను. కానీ ఆ ఐదేళ్ల రాజకీయంలో దుకాణం గురించి మాట్లాడినంత, దుకాణం మూసిన రాత్రి వణుకుతున్న మనిషి గురించి మాట్లాడలేదు. 2019లో కేంద్రం ప్రకటించిన జాతీయ సర్వే ప్రకారం మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. మిగతా 37 మంది మాల వేసుకున్నారో, తాళం గేటు వెనక ఉన్నారో, చచ్చిపోయారో.

బాపనోడివయ్యావా అన్న మిత్రుడికి చెప్పాల్సింది ఒకటుంది. మా ఇంటి నుంచి చాదర్‌ఘాట్ వంతెన దాటితే ఆది హిందూ భవన్. భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్ మిత్ర మండలి పెట్టినప్పటి నుంచి హైదరాబాద్ దళిత వాడల్లో తాగుడు మీద, జోగిని ఆచారం మీద ఊరేగి ప్రచారం చేశాడు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ లక్షల మందితో చేయించిన ఇరవై రెండు ప్రతిజ్ఞల్లో మత్తు పదార్థాలు తాగను అన్నదీ ఒకటి. చూడండి, అది ఏ దేవుడికీ ఇచ్చిన మాట కాదు. ఆ ధర్మంలో దేవుడే లేడు. పెద్ద శక్తి ముందు నేను శూన్యం అని ఒప్పుకోవడం కాదు, నిలబడి నేను తాగను అని గొంతెత్తడం. మన దగ్గర ఇది ఉండగా, దేవుడు లేకుండా మానడం పరాయి దేశపు ఫ్యాషన్ అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

అయితే ప్రతిజ్ఞ ఒక్కటే సరిపోదు, శుక్రవారం సాయంత్రం ఏడింటికి పక్కన మనిషి కావాలి. స్మార్ట్ రికవరీ అని 1994 నుంచి నడుస్తున్న సంస్థ ఉంది. దేవుడి ప్రసక్తి లేదు, జీవితాంతం తాగుబోతు అనే పేరు పెట్టుకోమనరు, ఆల్బర్ట్ ఎల్లిస్ పద్ధతి మీద కట్టిన పనిముట్లు నేర్పుతారు. ఆన్‌లైన్ మీటింగులు ఉచితం. అమెరికా రాత్రి మనకు తెల్లవారుజాము కాబట్టి ఫజర్ అజాతో పాటు లేచి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకునేవాణ్ణి. నేర్చుకున్నవాటిలో నాకు పనికొచ్చింది అలన్ మార్లాట్ అనే సైకాలజిస్టు చెప్పిన అల సంగతి. తాగాలన్న కోరిక అలలాగా లేస్తుంది, సాధారణంగా అరగంట లోపే విరిగిపోతుంది, దాంతో కుస్తీ పట్టకుండా చూస్తూ కూర్చోవాలి. నేను శాలిబండ నుంచి చార్మినార్ దాకా నడుస్తాను. ఇరవై నిమిషాలు. తిరిగొచ్చేసరికి అల ఉండదు, కాళ్ల నొప్పి ఉంటుంది.

కానీ అక్కడంతా ఇంగ్లీషు. అందుకని నలుగురం కలిసి ఇక్కడే మొదలుపెట్టాం. ఒక ఆటో అన్న, ఒక టైలర్, ఎమ్మే చదివే తమ్ముడు, నేను. టైలర్ దుకాణం పైన గది, ఆదివారం సాయంత్రం. మొదట ప్రార్థన లేదు, చివర ప్రార్థన లేదు, సాక్ష్యం చెప్పడం లేదు. వారంలో ఎప్పుడు మనసు లాగింది, ఆ ముందు అరగంట ఏం జరిగింది, వచ్చే వారం ఏం చేస్తావు, అంతే. ఆటో అన్న నమాజీ. అసర్ అజా వినబడితే లేచిపోయి చదువుకుని వచ్చి మళ్లీ కూర్చుంటాడు, ఆయన గ్లాసు మీద మేం సాసర్ మూసి ఉంచుతాం. మసీదులో ఈ మాట చెప్పుకోలేడు, మాతో చెప్పుకుంటాడు. మొన్న రెండు వారాలు రాలేదు. మూడో వారం వచ్చి బావమరిది బారాత్ అన్నాడు. ఎవరూ లెక్క సున్నా నుంచి మొదలుపెట్టమనలేదు. బారాత్ ముందు అరగంట ఎవరి పక్కన నిలబడ్డావు అని టైలర్ అడిగాడు.

విద్యార్థులు అడిగిన రెండు సంగతులు చెప్పి ఆపుతాను. డబ్బు లేకపోతే? టెలీ మానస్ 14416, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మత్తు విముక్తి కోసం కేంద్ర హెల్ప్‌లైన్ 14446, అది నడిపేది సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ, మన స్కాలర్‌షిప్పుల శాఖే. దివ్య కందుకూరి మొదలుపెట్టిన ద బ్లూ డాన్ బహుజనులకు కులం తెలిసిన థెరపిస్టులను వెతికి కలపడానికే పుట్టింది. కులం చెప్పాలా? చెప్పక్కర్లేదు. చెప్పినప్పుడు ఎదుటి మనిషి ముఖం చూడండి, నచ్చకపోతే రెండో సిట్టింగ్‌కు పోకండి. 2017 మానసిక ఆరోగ్య చట్టం మద్యం వల్ల వచ్చే మానసిక సమస్యలనూ కలుపుకుంది, కులం, మతం పేరుతో వైద్యంలో వివక్ష చూపకూడదంది. బలవంతంగా గుండు కొట్టించకూడదని కూడా అందులో రాసి ఉంది. తాళం గేటు సెంటర్ల వాళ్లకు ఆ వాక్యం చదివి వినిపించండి.

వచ్చే వారం ఇదే సంగతి ఇంట్లో ఆడవాళ్ల వైపు నుంచి. మా అక్క చెబుతానంది. షరతు ఒకటే, పెట్టే ముందు తనకు మొత్తం చదివి వినిపించాలి, తను కొట్టేయమన్న వాక్యం కొట్టేయాలి.